రెండవ ఇంజను, రెండవ సంతకం

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటుకు దగ్గరలో, జంషెడ్‌పూర్ పట్టణంలోనే సోనారి విమానాశ్రయం ఉన్నది. టాటా ఉక్కు సంస్థకు చెందిన ఈ చిన్న విమానాశ్రయం నుండి 2024 ఆగస్టు 20న సెస్నా 152 రకపు శిక్షణ విమానం ఒకటి గాలిలోకి లేచింది. అందులో శిక్షకుడొకరు, శిక్షణ పొందుతున్న యువకుడొకరు ఉన్నారు. ఆ విమానం తిరిగి రాలేదు. చాండిల్ జలాశయంలో గాలింపు జరిగింది. విశాఖపట్నం నుండి వచ్చిన నౌకాదళ బృందం నీటి అడుగు నుండి శకలాలను వెలికితీసింది. ఇద్దరి ప్రాణాలూ పోయాయి.

ఆ దుర్ఘటనకు కారణాలు తేల్చవలసినవారు విచారణాధికారులు. దానిపై తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే చిన్న విమానం కూలినప్పుడల్లా జనంలో ఒక మాట వినవస్తుంది: "ఒకటే ఇంజను గదా! రెండు ఉండి ఉంటే గండం గడిచేది." ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ నిజం ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో విచారించడమే ఈ సంపాదకీయం ఉద్దేశం. ఎందుకంటే "ఒకటి పోయినా ఇంకొకటి ఉన్నది గదా" అనే ధీమాయే నేడు విమానరంగంలోనూ, రైల్వేలలోనూ, తపాలా శాఖలోనూ సిబ్బందిని కుదించడానికి సాకుగా మారుతున్నది.

విమానంతో మనకేమి సంబంధం?

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో విమానాల ముచ్చట ఎందుకని కొందరు సోదరులు అడగవచ్చు. మన దేశంలో విమానానికి తొలుత పని చూపించింది ఉత్తరమే. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుండి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశారు. ప్రపంచంలో తొలి అధికారిక విమాన తపాలా అదే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి నడిపిన చిన్న విమానంలో ఉన్నది కూడా తపాలా సంచియే. 1949లో రాత్రి విమాన తపాలా ఆరంభమైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు చేరేవారు. హైదరాబాదు కేంద్రంగా గల డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా కొంతకాలం ఆ సేవ చేసింది. ఆ సంచులను కట్టినవారు, లెక్కించినవారు, సీలు చూసినవారు మన శాఖ కార్మికులే.

రెండు టర్బోప్రాప్ ఇంజన్లతో నడిచే విమానాలు కూడా మనకు కొత్తవి కావు. 1960లలో ఫోకర్ ఫ్రెండ్‌షిప్, ఆవ్రో విమానాలు మన చిన్న పట్టణాలను కలిపాయి. ఆవ్రో విమానాలను కాన్పూరులో ప్రభుత్వరంగ సంస్థయైన హిందుస్తాన్ ఏరోనాటిక్స్ కార్మికులే నిర్మించారు. ఆ తర్వాత 19 సీట్ల డోర్నియర్ 228 కూడా ఆ ఫ్యాక్టరీలోనే తయారైంది. 1981లో ఏర్పడిన వాయుదూత్ సంస్థ డోర్నియర్లతో ఎన్నో చిన్న ఊళ్లకు సర్వీసులు నడిపి, 1990లలో కనుమరుగైంది. 2017 ఏప్రిల్ 27న కేంద్ర ప్రభుత్వపు 'ఉడాన్' పథకం మొదలైన నాడే కడప, నాందేడ్ పట్టణాలకు హైదరాబాదు నుండి ఏటీఆర్ 72 రకపు టర్బోప్రాప్ విమానాలు ఎగిరాయి. 2023 జనవరిలో ఆ పథకం క్రింద సోనారి నుండి కలకత్తాకు ఒక చిన్న టర్బోప్రాప్ సర్వీసు ఆరంభమైంది. అది 9 మంది ప్రయాణికులకు సరిపోయే ఒంటి ఇంజను విమానం. పెద్ద విమానాలకోసం ధాల్‌భూమ్‌గఢ్‌లోని పాత సైనిక విమానక్షేత్రంలో 2019 జనవరిలోనే శంకుస్థాపన జరిగింది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తరతరాలుగా వచ్చి ఉక్కు పట్టణంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. విమాన సౌకర్యం కావాలని ఈ పట్టణ ప్రజలు కోరడం న్యాయమే. అయితే విమానం రావడం వేరు, అది క్షేమంగా నడవడం వేరు. క్షేమంగా నడిపేవారి స్థితిగతులు విచారించకుండా రన్‌వే మాత్రమే అడిగితే మన కోరిక సగమే అవుతుంది.

రెండవ ఇంజను చేసే పని

జెట్ విమానంలో వెనుకకు ఎగజిమ్మే వాయువుల ధారయే విమానాన్ని ముందుకు నెడుతుంది. టర్బోప్రాప్‌లో మండిన వాయువుల శక్తిలో అధికభాగం టర్బైన్‌ను తిప్పడానికి, ఆ టర్బైన్ గేర్ల ద్వారా ముందున్న ప్రొపెల్లరును తిప్పడానికి వినియోగమవుతుంది. ఏటీఆర్ 72-600 ఇంజను లోపలి భాగం నిమిషానికి 30,000 చుట్లకు పైగా తిరుగుతుంటే, ప్రొపెల్లరు తిరిగేది గరిష్ఠంగా 1,200 చుట్లే. తక్కువ దూరాలకు ఇంధనం ఆదా అవుతుంది. పొట్టి రన్‌వే సరిపోతుంది. చిన్న పట్టణాలకు ఈ విమానాలను ఎన్నుకోవడానికి కారణం ఇదే.

రెండు ఇంజన్లలో ఒకటి ఆగిపోయినా, రెండవదానితో పైకి లేచి, తిరిగి వచ్చి దిగగలగాలి. ఈ సామర్థ్యం ఋజువైన తర్వాతనే అట్టి విమానానికి అనుమతి లభిస్తుంది. కాని ఆ సామర్థ్యానికి షరతులున్నాయి. ఆగిన ఇంజను ప్రొపెల్లరు రెక్కలను గాలికి అంచు చూపేటట్లు తిప్పివేయాలి. దీనినే ఫెదర్ చేయడం అంటారు. అలా చేయకపోతే ఆ ప్రొపెల్లరు గాలికి అడ్డంగా నిలిచి, బ్రేకు బైండింగు అయిన వ్యాగను బండిని పట్టిలాగినట్లు, విమానాన్ని వెనక్కు లాగుతుంది. ఒకవైపు మాత్రమే బలం ఉండడం వలన విమానం రెండవవైపుకు తిరిగిపోజూస్తుంది. చుక్కాని తొక్కి దానిని నిలబెట్టాలి. వేగం ఒక కనీస హద్దుకు తగ్గరాదు. తగ్గితే బ్రతికి ఉన్న ఇంజను బలమే విమానాన్ని పల్టీ కొట్టించగలదు. బరువు కూడా నిర్ణీత పరిమితిలో ఉండాలి. ఇవన్నీ కొన్ని క్షణాల్లో, సరియైన వరుసలో జరగాలి.

కాబట్టి రెండవ ఇంజను ఇచ్చేది కొంత వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిని ప్రాణంగా మార్చేది మనిషి. ఆ మనిషికి శిక్షణ, విశ్రాంతి, తోడు లేకపోతే ఏమవుతుందో రెండు దుర్ఘటనలు చూపించాయి.

2015 ఫిబ్రవరి 4న తైవాన్ రాజధాని తైపేలో 58 మందితో ఒక ఏటీఆర్ 72-600 బయలుదేరింది. నేల విడిచిన కొద్దిసేపటికే కుడివైపు ప్రొపెల్లరు తనంతట తానే ఫెదర్ అయింది. ఒక ఎలక్ట్రానిక్ పెట్టెలో టంకం అతుకు సరిగా లేకపోవడం దానికి మూలమని విచారణలో తేలింది. చిన్న అతుకు! అయినా ఎడమ ఇంజను చక్కగా పనిచేస్తూనే ఉన్నది. ఆ ఒక్కదానితో విమానం తిరిగి రాగలిగేదే. కాని తొందరలో కెప్టెన్ ఆపివేసినది బాగున్న ఎడమ ఇంజనును. ఏ ఇంజను పోయిందో ఇద్దరూ కలిసి నిర్ధారించుకోవలసిన నియమం అమలు జరగలేదు. 43 మంది మరణించారు. ఇంజను వైఫల్యాన్ని ఎదుర్కొనే విషయంలో ఆ కెప్టెన్‌కు గల బలహీనత శిక్షణ రికార్డులలో అంతకుముందే కనిపించిందని కూడా విచారణ నివేదిక పేర్కొన్నది. రికార్డులో ఉన్నది ఆచరణలోకి రాలేదు.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో దిగబోతూ కూలిన ఏటీఆర్ 72 విషయం మరీ విషాదకరం. అందులో రెండు ఇంజన్లూ ఆరోగ్యంగానే ఉన్నాయి. ఫ్లాప్ లీవరుకు బదులు ప్రొపెల్లర్లను ఫెదర్ చేసే లీవర్లను లాగడంతో రెండు ప్రొపెల్లర్లకూ బలం పోయింది. ఆ సంగతి సకాలంలో ఎవరూ గుర్తించలేదు. ఐదుగురు భారతీయులతో సహా 72 మంది, అనగా విమానంలోని వారందరూ, మరణించారు. రెండు ఇంజన్లుండి, రెండూ తిరుగుతూ ఉండి కూడా ప్రాణాలు నిలవలేదు. ఒకరి చేయి పొరపడినప్పుడు రెండవ వ్యక్తి కన్ను దానిని పట్టుకోవాలి. ఆ రెండవ కన్నే అసలైన రెండవ ఇంజను.

హ్యాంగరులో రాత్రి షిఫ్టు

విమానం ఎగిరేది పగలైనా దాని బాగోగులు చూసేది ఎక్కువగా రాత్రివేళ. ప్రయాణికుడెన్నడూ చూడని ఆ షెడ్డులోనే అతని ప్రాణం మరల బిగింపుపై, కేబుల్ బిగువుపై, ఒక సంతకంపై ఆధారపడి ఉంటుంది.

2005 ఆగస్టు 6న ఇటలీ నుండి ట్యునీషియాకు వెళుతున్న ఒక ఏటీఆర్ 72 సిసిలీ తీరానికి దగ్గరలో సముద్రంలో దిగవలసి వచ్చింది. ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. క్రిందటి రోజున పాడైన ఇంధన సూచికను తీసి కొత్తది బిగించారు. బిగించినది ఏటీఆర్ 42 అనే చిన్న విమానపు సూచిక. చూడడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒకే చోట ఇముడుతాయి. విడిభాగాల జాబితాలో గల లోపం ఆ పొరపాటుకు దారి తీసింది. ట్యాంకులో లేని ఇంధనాన్ని ఆ సూచిక ఉన్నట్లు చూపించింది. 39 మందిలో 16 మంది మరణించారు. రెండు ఇంజన్లూ ఒకే అబద్ధాన్ని నమ్ముకున్నప్పుడు రెండవది మొదటిదానికి రక్షణ కాజాలదు.

1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో కూలిన ఎంబ్రాయర్ 120 రకపు టర్బోప్రాప్ విమానం షిఫ్టు కార్మికులందరూ గుర్తుంచుకోవలసినది. ముందటి రాత్రి దాని తోకరెక్క అంచులపై మంచును తొలగించే రబ్బరు పట్టీలు మార్చే పని జరుగుతున్నది. ఒక షిఫ్టువారు ఎడమవైపు అంచు పైభాగంలోని 47 మరలు విప్పివేశారు. షిఫ్టు మారింది. తర్వాతివారు కుడివైపు పని పూర్తిచేశారు. ఎడమవైపు మరలు విప్పి ఉన్నాయనే సంగతి వారికి చేరలేదు; రాతలో సరిగా నమోదు కాలేదు. ఉదయం విమానం ప్రయాణానికి సిద్ధమని పంపివేశారు. ఒక ప్రయాణం క్షేమంగా జరిగింది. తిరుగు ప్రయాణంలో ఆ అంచు ఊడిపోయింది. 14 మందీ మరణించారు. ఇంజన్లలో ఏ దోషమూ లేదు.

2003 జనవరి 8న అదే దేశంలోని షార్లట్‌లో కూలిన బీచ్ 1900 టర్బోప్రాప్‌ది మరొక పాఠం. రెండు రాత్రుల క్రిందట దాని ఎలివేటర్ కేబుళ్ల బిగువు సరిచేశారు. ఆ పని చేసిన మెకానిక్ ఈ రకం విమానంపై అంతకుముందెన్నడూ ఆ పని చేసి ఎరుగడు. నేర్పుతున్న వ్యక్తే తనిఖీ అధికారి కూడా. ఆయనే కొన్ని అంచెలను వదిలివేయనిచ్చాడు. నిర్వహణ పని విమాన సంస్థ సొంత సిబ్బంది చేతిలో గాక కాంట్రాక్టుదారుల చేతిలో ఉన్నది. తేలికపాటి బరువుతో తొమ్మిది ప్రయాణాలు గడిచాయి, లోపం బయటపడలేదు. నిండు బరువుతో లేచిన నాడు ముక్కు దించడానికి చాలినంత కదలిక ఎలివేటరుకు లేకపోయింది. ప్రయాణికుల సగటు బరువును పాత లెక్కల ప్రకారం తక్కువగా వేసుకోవడం కూడా తోడైంది. 21 మందీ మరణించారు.

ఈ మూడింటిలో ఇంజన్లను దోషి అనడానికి వీలులేదు. ఒకచోట విడిభాగాల జాబితా తప్పింది. ఒకచోట షిఫ్టు అప్పగింత తెగిపోయింది. ఒకచోట పని చేయించినవాడే పని సరిగా జరిగిందని సంతకం చేశాడు. కీలకమైన పని జరిగినప్పుడు దానితో సంబంధంలేని రెండవ వ్యక్తి స్వయంగా చూసి సంతకం చేయాలనే నియమం విమానరంగంలో ఊరక పుట్టలేదు. దాని వెనుక ఎన్నో ప్రాణాలున్నాయి. ఆ రెండవ వ్యక్తిని ఖర్చుగా భావించి తొలగించిన రోజున రెండవ సంతకం కాగితంపై సిరాగా మాత్రమే మిగులుతుంది.

మన పట్టాలపైన, మన సంచుల్లోన

ఇది చదువుతున్న సిగ్నల్ మెయింటెయినరుకు డిస్‌కనెక్షన్ మెమో గుర్తుకు రాకమానదు. సిగ్నల్ పరికరంపై చేయి వేసేముందు స్టేషన్ మాస్టరుకు మెమో ఇచ్చి, పని ముగిసి, పరీక్షించి, రీకనెక్షన్ మెమో ఇచ్చేవరకు ఆ పరికరాన్ని నమ్మరాదు. క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది ఇచ్చే బ్రేక్ పవర్ సర్టిఫికేట్ లేక గూడ్స్ బండి కదలరాదు. ఆర్.ఎమ్.ఎస్. కార్యాలయంలో సంచుల లెక్క, సీలు చూసుకోకుండా తర్వాతి సెట్టువారు బాధ్యత స్వీకరించరాదు. హ్యాంగరులోని అప్పగింత పుస్తకానికి, మన మెమోకు, మన మెయిల్ లిస్టుకు భేదం లేదు. మూడూ ఒకే ధర్మంపై నిలిచాయి: నీవు చూడనిది చూచినట్లు రాయకు, నీకు అప్పగించనిది అందినట్లు స్వీకరించకు.

ఆ ధర్మం తప్పినప్పుడు ఏమవుతుందో మన కళ్లముందే జరిగింది. జంషెడ్‌పూర్ ఉన్న ఆగ్నేయ రైల్వేలోనే, బాలాసోర్ జిల్లా బహనాగ బజార్ స్టేషనులో, 2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి గూడ్స్ బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. గతంలో నార్త్ సిగ్నల్ గూమ్టీలో జరిగిన సిగ్నల్ సర్క్యూట్ మార్పులలోని లోపాలు, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ వద్ద గేటు మార్పిడి పనిలోని లోపాలు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. సిగ్నల్ పచ్చగా వెలిగింది. మార్గం అది చూపినట్లు లేదు. ఇటలీ విమానంలో లేని ఇంధనాన్ని చూపిన సూచికకు, ఇక్కడ లేని మార్గాన్ని చూపిన సిగ్నలుకు తేడా ఏమున్నది? యంత్రం అబద్ధమాడలేదు. అది తప్పుగా అమరినా పట్టుకునే కన్ను అక్కడ లేకపోయింది.

గంటల లెక్క

రెండవ కన్ను ఉన్నా అది నిద్రతో మూతపడుతూ ఉంటే ప్రయోజనం లేదు. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో వద్ద క్యూ400 రకపు టర్బోప్రాప్ కూలి 50 మంది మరణించారు. వేగం పడిపోయినట్లు హెచ్చరిక వచ్చినప్పుడు ముక్కు దించవలసింది పోయి కెప్టెన్ పైకి లాగాడు. పైలట్ల అలసట వారి పనితీరును దెబ్బతీసి ఉండవచ్చునని విచారణ అభిప్రాయపడింది. సహపైలట్ దేశం ఒక చివర నుండి మరొక చివరకు రాత్రంతా ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. మృతుల కుటుంబాల ఆందోళన ఫలితంగా 2010లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. దానిని అనుసరించి విశ్రాంతి నిబంధనలు మారాయి.

మన దేశంలో పైలట్ల సంఘాలు విశ్రాంతి కోసం న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2025 జూలై నుండి వారపు విశ్రాంతి 36 గంటల నుండి 48 గంటలకు పెరిగింది. నవంబరు నుండి రాత్రివేళ దిగే విమానాల సంఖ్యపై పరిమితి ఆరు నుండి రెండుకు తగ్గింది. నిబంధనలు వస్తున్నాయని ఎంతో ముందే తెలిసినా, దేశంలోని అతిపెద్ద విమాన సంస్థ వద్ద చాలినంతమంది పైలట్లు లేకపోయారు. 2025 డిసెంబరులో వేలాది సర్వీసులు రద్దయ్యాయి. అప్పుడు సడలించినది ఏమిటి? సర్వీసుల సంఖ్యతో బాటు, ఆ సంస్థకు కొంతకాలం విశ్రాంతి నిబంధనలను కూడా! వంతెన బలహీనంగా ఉన్నదని వేగపరిమితి పెడితే, బండ్లు ఆలస్యమవుతున్నాయని కాషన్ ఆర్డరును చించివేసినట్లున్నది ఈ వైఖరి.

ఇట్టి పోరాటం మనకు కొత్త కాదు. లోకో రన్నింగ్ సిబ్బంది 1973లో సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ సాధించారు. ఆ హామీ అమలు కోసం, 16 గంటల విశ్రాంతికి పైన 30 గంటల వారపు విశ్రాంతి కోసం లోకో పైలట్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. కొలిమి వద్ద నిలబడే కార్మికునికి ఎనిమిది గంటలు చాలునని నూరేళ్ల క్రిందట గుర్తించిన ఈ పట్టణంలో, ఆకాశంలో ప్రాణాలు మోసేవానికి ఎన్ని గంటలు తగునో చెప్పడానికి ఇంత తర్జనభర్జన ఎందుకు?

తప్పు ఎవరిది?

దుర్ఘటన జరిగిన ప్రతిసారీ చివరి చేయి ఎవరిదో వెదికి, అతనిపై చార్జిషీటు పెట్టి, ఫైలు మూసివేయడం పరిపాటి అయింది. టెక్సాస్ దుర్ఘటనపై అమెరికా రవాణా భద్రతా మండలి విచారించినప్పుడు, సభ్యులలో ఒకరైన జాన్ లాబర్ అధికసంఖ్యాకుల నిర్ణయంతో విభేదించారు. నిర్వహణ నియమాలను ప్రోత్సహించి, పాటింపజేసే సంస్కృతిని యాజమాన్యం నెలకొల్పకపోవడాన్ని కూడా దుర్ఘటన కారణాలలో చేర్చవలసిందని ఆయన రాశారు. ఆ ఒక్క విభేదపత్రం తర్వాతి కాలంలో విమాన భద్రతా చర్చలకు దారి చూపింది. మరలు బిగించని చేయి ఎవరిదని మాత్రమే గాక, మరలు బిగించలేదని తెలుసుకునే ఏర్పాటు ఎందుకు లేదని ప్రశ్నించినప్పుడే రెండవ దుర్ఘటన తప్పుతుంది.

అయితే ఒక మాట మన సోదరులకు కూడా నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నది. ఆ షెడ్డులో అంచెలను వదిలివేయనిచ్చినవాడు యాజమాన్యపు డైరెక్టరు కాదు. చేతికి నూనె మరకలు అంటిన మనవంటివాడే. పని ఒత్తిడి నిజమే. సిబ్బంది కొరత నిజమే. "ఈ ఒక్కసారికి" అని చూడని గేజిని చూచినట్లు రాయడం, పరీక్షించని బ్రేకుకు సర్టిఫికేట్ ఇవ్వడం, అలసి ఉన్నప్పుడు "ఫిట్" అని సంతకం చేయడం కూడా మన మధ్య నిజమే. అట్టి సంతకాన్ని సమర్థించడం సంఘం పని కాజాలదు. అబద్ధపు సంతకం యాజమాన్యానికి ఇద్దరు చేయవలసిన పని ఒకరితో జరుగుతున్నదనే సాక్ష్యాన్ని సమర్పిస్తుంది. మరుసటి ఏడాది ఆ రెండవ పోస్టు రద్దయినప్పుడు మన సంతకమే మనపై ప్రమాణంగా నిలుస్తుంది. చూడలేకపోయినప్పుడు "చూడలేదు, సమయం చాలలేదు" అని రాయడం ప్రయాణికుని ప్రాణానికీ, సహోద్యోగి పోస్టుకూ కూడా రక్ష. అలా రాసినవానిపై చర్య తీసుకుంటే అప్పుడు సంఘం అతని వెనుక గోడవలె నిలవాలి. ఈ రెండు బాధ్యతలు విడదీయరానివి.

మన కోర్కెలు

చిన్న పట్టణాలకు విమాన సర్వీసులు రావాలి. సోనారికి గాని, ధాల్‌భూమ్‌గఢ్‌కు గాని, కడపకు గాని అవి నిలకడగా నడవాలి. సబ్సిడీ ముగిసిన మరునాడు మాయమయ్యే సర్వీసు ప్రజాసేవ కాదు. ఆదాయం చాలని సంస్థ మొదట కత్తిరించేది కనిపించని మరమ్మతు పనినే. కనుక ఈ క్రింది కోర్కెలను మన ఫెడరేషన్ శాఖలన్నీ సమావేశాలలో చర్చించి తీర్మానించాలని కోరుతున్నాము.

మొదటిది: ప్రజాధనంతో సబ్సిడీ పొందే ప్రతి విమాన సర్వీసుకు నిర్వహణ సిబ్బంది ఎందరు, వారి పనిగంటలెన్ని అనే వివరాలు ఒప్పందంలో భాగం కావాలి. రెండవది: ప్రాణాలతో ముడిపడిన తనిఖీని, పని చేసినవారికి లోబడని, కాంట్రాక్టుదారుని జీతంపై ఆధారపడని వ్యక్తి చేయాలి. విమానానికి గాని, సిగ్నలుకు గాని, బ్రేకుకు గాని ఈ నియమం ఒక్కటే కావాలి. మూడవది: షిఫ్టు అప్పగింతకు వేరుగా సమయం కేటాయించి, దానిని డ్యూటీలో లెక్కించాలి. నాలుగవది: విశ్రాంతి నిబంధనలకు సర్వీసుల ఒత్తిడి పేరిట సడలింపు ఇవ్వరాదు. ఐదవది: లోపాన్ని నివేదించినవానికి, భద్రత లేదని పని ఆపినవానికి శిక్ష నుండి చట్టబద్ధమైన రక్షణ కావాలి.

రేపు సోనారిలో గాని, మరొక పట్టణంలో గాని రెండు ఇంజన్ల విమానం వచ్చి నిలిచినప్పుడు మన పిల్లలు దాని రెక్కల క్రింద గల రెండు ప్రొపెల్లర్లను లెక్కించి సంతోషిస్తారు. సంతోషించనిద్దాం. కాని మనం లెక్కించవలసినవి వేరే ఉన్నాయి: ముందటి రాత్రి ఆ విమానాన్ని చూసినవారు ఎందరు, వారు ఎన్ని గంటలు నిద్రపోయారు, "ఇది ఎగరరాదు" అని రాసే ధైర్యం వారికి ఎవరిచ్చారు? ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన విమానంలో మన ఉత్తరాన్నీ పంపవచ్చు, మన బిడ్డనూ పంపవచ్చు.